ముస్తాబు చేసిన టైరు

మరిది పాత బ్లేడును రెండు వేళ్ళ మధ్య వాలుగా పట్టుకుని సైకిలు టైరు పక్కనున్న అక్షరాలను గీకుతున్నాడు. గట్టిగా నొక్కితే టైరు తెగుతుంది, మెల్లగా గీకితే అక్షరాలు పోవు. ఎంత నొక్కాలో అతని చేతికే తెలుసు. రబ్బరు పొట్టు ఒళ్ళో పరుచుకున్న గుడ్డ మీద రాలుతోంది. అక్షరాలు పూర్తిగా పోయాక గరుకు కాగితంతో రుద్దాడు. నల్లరంగు పులిమి, ఆరేదాకా ఊదాడు. తర్వాత అట్టముక్కలో కోసిన అచ్చు పెట్టి స్పాంజితో తెల్లరంగు అద్దాడు. అచ్చు తీసేసరికి టైరు మీద కంపెనీ పేరు, దాని పక్కన ఓ పిల్లి పంజా గుర్తు వచ్చి కూర్చున్నాయి.

"ముస్తాబైంది వదినా. వచ్చి చూసుకో," అన్నాడు.

వదినకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. వ్యాను తలుపు దగ్గర నిలబడి గ్లవ్స్ తొడుక్కుంది, తీసేసింది. ఆకాశం వంక చూసింది. కప్పులో చల్లారిపోయిన టీ ఓ గుక్క తాగి, మొహం చిట్లించి, మళ్ళీ తాగింది.

"కాసేపు కూర్చోవచ్చుగా. నువ్వలా తిరుగుతుంటే వ్యాను ఊగి రంగు చెదురుతోంది."

"రేపట్నుంచి వానంటున్నారు."

"పడనీ. తడిబండ మీద ఈ టైరు జలగలా పట్టేస్తుంది. వాన పడితే మనకే లాభం."

"ఏ టైరు?"

మరిది నవ్వాడు. "పైన రాసిందే," అన్నాడు.

పైన రాసింది పంజా. లోపలున్నది వేరే కంపెనీ టైరు. ఇదేదో వీళ్ళొక్కరే చేస్తున్న ఘనకార్యమేం కాదు. పక్క డేరాల్లోనూ ఇలాంటి అచ్చులున్నాయి, అద్దే చేతులున్నాయి. కంపెనీ జీతం ఇస్తుంది, సైకిలు ఇస్తుంది, దాని మీద తన సరుకే ఉండాలంటుంది. గెలవాలంటే కొన్ని సామాన్లు బయటినుంచి తెచ్చుకోక తప్పదు. ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టకూడదన్నది అక్కడి మర్యాద. ఆ మర్యాదను అందరూ ఎంత నిష్ఠగా పాటిస్తారంటే, రేసుకు ముందు పక్కవాడి టైరు వంక ఎవరూ తేరిపార చూడరు.

వదిన అసలు పేరు రేసు లైసెన్సు మీద ఉంటుంది. ఎక్కడినుంచి పడ్డా కాళ్ళమీదే లేస్తుందని అందరూ పిల్లి అంటారు. ఆ పేరు చూసుకునే కంపెనీ తన కొత్త టైరుకు పంజా అని పేరు పెట్టి, గుర్తు వేసి, ఆమె ఫొటోతో అమ్ముతోంది. ఈ సీజనుతో ఆమె ఒప్పందం అయిపోతుంది. ఆదివారం రేసు ముగిశాక కొత్త కాగితాల మీద సంతకం పెట్టాలి. పెడితే ఇంకో రెండేళ్ళు భరోసా. ఆమె వయసుకి ఇంకో కంపెనీ పిలిచి సైకిలు ఇవ్వదు. ఆమె సైకిలు లేకపోతే మరిదికి మెకానిక్ ఉద్యోగమూ లేదు. తోడికోడలికి ఇప్పుడు ఏడో నెల.

"బయట నీకోసం జనం నిలబడ్డారమ్మా, రా రా," అంటూ మేనేజరు తల లోపలికి పెట్టాడు. ఆమెకు ఎవరూ సైకిలు ఇవ్వని రోజుల్లో పిలిచి ఇచ్చినవాడు ఈయనే. అందుకే ఆయన అమ్మా అంటే ఆమెకు కాదనడం చేతకాదు.

డేరా ముందు బల్ల వేసి, బల్ల మీద ఆమె ఫొటోలు పేర్చి ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది శనివారం పోటీకి వచ్చినవాళ్ళు. ఆదివారం పిల్లిలాంటి కంపెనీ జీతగాళ్ళ రేసు. దానికి ముందురోజు, అవే దారుల్లో, మామూలు జనానికి ఓ రేసు పెడతారు. బళ్ళో పంతుళ్ళు, డ్రైవర్లు, బ్యాంకుల వాళ్ళు సెలవు పెట్టుకుని వచ్చి, కొండ పైదాకా తొక్కి, గడియారం పెట్టించుకుని దిగి, ఏడాదంతా చెప్పుకుంటారు.

వరసలో ఒకావిడ ఫొటో తీసుకోకుండా తన సైకిలునే నడిపించుకొచ్చింది. కొంచెం బొద్దుగా, మోచేతుల దాకా బురదతో, మొహం నిండా నవ్వుతో ఉంది.

"నేను నర్సునండీ. నైట్ డ్యూటీలు మా వాళ్ళకి అంటగట్టి, పగలంతా ప్రాక్టీసు చేశాను. మా హెడ్ సిస్టరు నన్ను తిట్టని తిట్టు లేదు. ఇదిగో చూడండి, సైకిలు మీ కంపెనీదే. టైర్లు కూడా మీవే వేయించాను. పంజా!"

కొత్త టైర్లు. అంచున ఇంకా సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉన్నాయి. పిల్లి వంగి ఆ వెంట్రుకల్ని బొటనవేలితో తడిమింది. గట్టి రబ్బరు. రోడ్డు మీద ఏళ్ళ తరబడి అరగదు.

"సంతోషం," అంది.

"ఒక్క సందేహం అండీ. ఆ జారుబండ దగ్గర నాకు గుండె నోట్లోకొస్తోంది. పొద్దున ప్రాక్టీసులో పొడిగా ఉంది కాబట్టి ఎలాగో దిగాను. రేపు తడిస్తే ఎట్లా? ఇంకోసారి దిగి చూద్దామంటే ఒప్పుకోరట."

ఎండ్యూరో అనే ఈ కొండదిగుడు సైకిలు పందెంలో రూలు అది. ఏ దిగుడైనా రేసుకు ముందు ఒక్కసారే దిగి చూసుకోవాలి. ఆ ఒక్కసారిలో పట్టుకున్నదే జ్ఞాపకం. జారుబండ మూడో దిగుడులో ఉంది. ఇంటి కప్పంత ఏటవాలుగా నున్నటి రాతిపలక, కింద ఒక్కసారిగా ఎడమకి మలుపు. దాన్ని ఎలా దిగాలో పిల్లి కొన్ని వందలమందికి చెప్పి ఉంటుంది. నోరు దానంతటదే కదిలింది.

"బండ మీద బ్రేకు ముట్టుకోకండి. పట్టుకుంటేనే జారుతుంది. బరువు కాళ్ళలో పెట్టి, టైరుని నమ్మి వదిలేయండి. అదే పట్టుకుంటుంది."

"టైరుని నమ్మి వదిలేయాలి," అని నర్సు పాఠం అప్పజెప్పినట్టు అంది. మేనేజరు పక్కనుంచి చప్పట్లు కొట్టి, "ఈ ముక్కనే మేం పోస్టరు మీద వేసుకుంటాం," అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లి కూడా నవ్వింది. నర్సు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోతుంటే, తను చెప్పింది తన మెత్తటి టైరుకి సరిపోయే మాటని, ఆవిడ గట్టి టైరుకి కాదని తట్టింది. పిలవాలని నోరు తెరిచింది. వరసలో తర్వాతవాడు ఫొటో ముందుకు తోసి పెన్ను అందించాడు.

*

శనివారం పొద్దున వాన సన్నగా మొదలై, కాసేపు దంచికొట్టి, మళ్ళీ సన్నబడింది. పిల్లికి ఆ పూట పనేం లేదు. పడుకుని కాళ్ళకు విశ్రాంతి ఇవ్వాల్సిన రోజు. కానీ మంచం మీద నడుం వాల్చితే ఒంట్లో ఎక్కడో చీమలు పాకుతున్నట్టుంది. గొడుగు వేసుకుని కొండెక్కి జారుబండ పక్కకి వచ్చి నిలబడింది.

"మీరిక్కడేంటి మేడమ్?" అన్నాడు కింద జెండా పట్టుకుని నిలబడ్డ కుర్రాడు.

"చూద్దామని."

బండ మెరుస్తోంది. వచ్చినవాళ్ళలో తెలివైనవాళ్ళు పైనే దిగి, సైకిలు భుజాన వేసుకుని పక్కనున్న మెట్లలాంటి రాళ్ళ మీదుగా నడిచి వచ్చారు. నడిస్తే సమయం పోతుంది, పరువు కూడా కొంచెం పోతుంది, అంతే. సైకిలు దిగకుండా వచ్చినవాళ్ళలో సగంమంది జారి కింద బురదలో కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటూ లేచారు. పిల్లి వచ్చిన ప్రతి సైకిలు టైర్ల వంకే చూస్తోంది. అక్కడ ఎవరూ చేయకూడని పని అది.

నర్సు వచ్చింది. పైన ఒక్క క్షణం ఆగినట్టే ఆగింది. 'దిగండి,' అనుకుంది పిల్లి. 'దిగి నడవండి తల్లీ.' తర్వాత గట్టిగా అరిచింది కూడా. వాన చప్పుడులో వినపడిందో లేదో. నర్సు రెండు చేతుల వేళ్ళూ విప్పి, బ్రేకు మీదినుంచి పూర్తిగా తీసేసి, బరువు కాళ్ళలో పెట్టి వదిలేసింది. చెప్పింది చెప్పినట్టు, ఒక్క పొల్లు పోకుండా. బండ మధ్యకి వచ్చేసరికి ముందు చక్రం పక్కకు జరిగింది. ఆపడానికి అక్కడ ఏదీ లేదు. మనిషి కుడిచెయ్యి ముందుకు చాచి, ఆ చెయ్యి మీదే పడి, సైకిలుతో సహా కింది రాళ్ళదాకా జారింది.

పిల్లి గొడుగు ఎక్కడ పడేసిందో గుర్తులేదు. వెళ్ళేసరికి నర్సు కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది కానీ నోరు పనిచేస్తూనే ఉంది.

"మణికట్టు పోయింది. ఎముక బయటికి రాలేదులెండి. బాబూ, అలా లాగకు, ముందు కింద అట్ట పెట్టు. అట్ట! గుడ్డ కాదు," అని ఫస్ట్ ఎయిడ్ వాళ్ళకే ఆజ్ఞలిస్తోంది. పిల్లిని చూసి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "చూడండి, మీ ముందే పడ్డాను. పరువు పోయింది."

చెయ్యి మణికట్టు దగ్గర ఎటు వంగకూడదో అటు వంగి ఉంది.

*

ఆస్పత్రికి వెళ్తానంటే మేనేజరు కాదనలేదు సరికదా, ఎంతో మంచి ఆలోచన అన్నాడు. కంపెనీ బొమ్మ ఉన్న సంచీలో జెర్సీ, టోపీ, ఆపిల్ పళ్ళు పెట్టి ఇచ్చాడు.

"పక్కన కూర్చుని ఓ ఫొటో తీయించుకో అమ్మా. మనవాళ్ళు పడితే మనం వదిలేయం అని పెడదాం. ఆవిడ పడ్డ వీడియో ఎవడో ఇప్పటికే నెట్లో పెట్టేశాడు. కింద టైరు గురించి వాగుతున్నారు. కొత్త మనిషి, అనుభవం లేక పడింది అని నేను రాయించాను. అంతేగా మరి?"

"నేను ఆవిడకి బ్రేకు పట్టొద్దని చెప్పాను."

"సరైనదే చెప్పావు. నువ్వు అలాగే దిగుతావుగా."

"నా టైరుతో."

మేనేజరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇవి మన ఇంటి మాటలమ్మా. రేపు సాయంత్రం సంతకం అయ్యేదాకా మనసు పాడుచేసుకోకు," అన్నాడు.

నర్సు మంచం కిటికీ పక్కన ఉంది. చేతికి కట్టు కట్టి పైకి వేలాడదీశారు. డ్రిప్పు సూది సరిగ్గా గుచ్చలేదని అప్పటికే ఇద్దరితో పోట్లాడి ఉంది. పిల్లిని చూడగానే, "ఈవిడే, ఈవిడే!" అని పక్క మంచం ముసలమ్మకు చూపించింది.

"ఆపరేషను రేపు మధ్యాహ్నం. ప్లేటు వేస్తారట. వేళ్ళు కదులుతాయనే అంటున్నారు. నరం దొరకబుచ్చుకునే పని కదండీ మాది, అదే కాస్త..." అని ఆగి, వెంటనే మాట మార్చింది. "మీరు చెప్పినట్టే చేశానండీ. బ్రేకు వదిలేశాను. వదిలేశాననే అనుకుంటున్నాను. ఎక్కడో భయపడి తెలీకుండా పట్టేసుంటాను, లేకపోతే ఎందుకు జారుతుంది? అదే టైరుతో అదే బండ మీద మీరు దిగుతారు. నాకే చేతకాలేదు."

పిల్లి ఆపిల్ కోస్తోంది. చెక్కు తెగిపోకుండా పొడుగ్గా తీస్తోంది. "పట్టలేదు. నేను చూశాను. మీరు బ్రేకు ముట్టుకోలేదు," అంది.

"మరెందుకు జారింది?"

చెక్కు తెగింది. పిల్లి నీళ్ళు నమిలింది. వాన అంది, బురద అంది, ఒక్కోసారి అంతే అంది. ప్రతిమాటా నిజమే. కోసిన ముక్కలు పళ్ళెంలో పెట్టి, నర్సు ఎడమచేతికి అందేలా జరిపింది.

"ఊరుకోండి, నన్ను ఓదార్చడానికి అంటున్నారు," అంది నర్సు. "ఈ సైకిలు అమ్మేస్తాను. మా ఆయన ముందునుంచీ అంటూనే ఉన్నాడు, ఈ వయసులో నీకెందుకే అని. ఆయన మాటే నిజమైంది. ఏం చేస్తాం. కొందరికే వస్తుంది ఆ విద్య."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళలో అసూయ లేదు, మెచ్చుకోలే ఉంది. పిల్లికి అక్కడ కూర్చోవడానికి మొహం చెల్లలేదు. జెర్సీ సంచీ మంచం కింద పెట్టి, ఫొటో తీయకుండానే వచ్చేసింది. బస్టాపు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, ఆస్పత్రి గేటు దాకా మళ్ళీ వెళ్ళి, బస్సు వస్తుంటే పరుగెత్తుకొచ్చి ఎక్కింది.

*

ఆ సాయంత్రం వ్యానులో ఆమె వెనకాల అర వెతికి రెండు పంజా టైర్లు బయటికి లాగింది. నిజమైన పంజాలు. అమ్మకానికి వచ్చేవి.

"వాటినెందుకు తీస్తున్నావు?" అన్నాడు మరిది.

"రేపు వీటితో దిగుతాను."

హాస్యం కాదని మరిదికి అర్థమైంది.

"వదినా, నీకు మతిపోయింది. రాత్రంతా వానే."

"నేను దిగగలను. వీటితో కూడా దిగగలను. దిగితే మనం చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. ఆవిడ అడిగితే చెప్పుకోవచ్చు, ఇదిగో, వీటితోనే దిగాను అని."

"దిగితే ఆవిడ చెయ్యి అతుక్కుంటుందా?"

"అతుక్కోదు. నాకు నిద్ర పడుతుంది."

"నేను వేయను," అన్నాడు మరిది. "నా చేత్తో ఆ టైర్లు వేసి నిన్ను ఆ బండ మీదికి పంపలేను. అన్నయ్యకి ఏం చెప్పుకోను? ఇంట్లో దానికి ఏం చెప్పుకోను? రేపు నీ చెయ్యి విరిగితే ఎల్లుండి ఇద్దరం వీధిలో ఉంటాం."

ఆమె సైకిలు పక్కన కూర్చుంది. ముందు చక్రం విప్పి, గాలి తీసి, అంచు కింద ప్లాస్టిక్ చీల దూర్చి టైరు లేపడం మొదలుపెట్టింది. పంక్చరు పడకుండా లోపల పోసిన తెల్లటి జిగురునీళ్ళు మోకాళ్ళ మీద ఒలికాయి. సైకిలు మీద పులే కానీ, స్పానరు పడితే ఆమెకు రెండు చేతులూ ఎడమచేతులే. చీల జారి రిమ్ము మీద కీచుమంది. మరిది పళ్ళు కొరికాడు. ఇంకోసారి కీచుమంది.

"ఇటివ్వు. రిమ్ము చెక్కేస్తున్నావు," అని లాక్కున్నాడు.

రెండు టైర్లూ అతనే వేసి, కొత్త జిగురునీళ్ళు పోసి, గాలి కొట్టి, అంచు అంతా సమంగా కూర్చుందో లేదో చక్రం తిప్పి చూశాడు. గాలి కొంచెం తీశాడు, బొటనవేలితో నొక్కాడు, ఇంకా కొంచెం తీశాడు. విప్పిన ముస్తాబు టైర్లను సంచీలో పెట్టి, ఆ సంచీని ఆమెకు కనిపించేలా తలుపు పక్కనే ఉంచాడు. పొద్దున తనిఖీవాళ్ళు వచ్చి, ఇక మార్చడానికి లేకుండా సైకిలు మీద, చక్రాల మీద గుర్తులు అంటించేదాకా మనసు మార్చుకోవడానికి వీలుంది.

ఆమె మార్చుకోలేదు.

*

గుర్తులు అంటించి పంపించాక, బయలుదేరే గేటు దగ్గర, సైకిలు కడ్డీ మీద చెయ్యివేసి ధైర్యం చెబుతున్న మేనేజరు చూపు టైరు మీద పడింది. అచ్చు వేసిన తెల్లరంగుకి, ఫ్యాక్టరీలో పోసిన తెల్లరంగుకి తేడా ఆయనకు బాగా తెలుసు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇవేంటి? ఇవి మనవి!"

"అవును, మనవే."

"పిచ్చా నీకు? ఆకాశం చూశావా? వీటితో జారుబండ దిగుతావా? చస్తావు!" అన్నాడు. ఆ మాట కాస్త పెద్దగానే వచ్చింది. పక్కవాళ్ళు తిరిగి చూసి, మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు. ఆయన గొంతు నొక్కిపట్టి, "అమ్మేవి వేరు, పరుగెత్తేవి వేరమ్మా. ఇది నీకు నేను చెప్పాలా?" అన్నాడు.

"మొన్న ఆవిడకి చెప్పాల్సింది," అంది పిల్లి. గేటువాడు చెయ్యి ఊపాడు. ఆమె వెళ్ళిపోయింది.

మొదటి దిగుడు మట్టి. పర్వాలేదు. రెండోదాంట్లో వేర్ల మీద వెనక చక్రం రెండుసార్లు తోక ఆడించింది. రెండుసార్లూ నడుంతో సర్దుకుంది. పైకి తొక్కుకుంటూ వెళ్ళేటప్పుడు తోటివాళ్ళు కబుర్లాడుతున్నారు. ఆమె ఎవరితోనూ కలవలేదు. ఒళ్ళంతా లెక్కలు వేస్తోంది. బండ మీదికి ఎంత నెమ్మదిగా రావాలి, బరువు ఎంత వెనక్కి, ఎడమ అంచున ఉన్న గరుకు చార దొరుకుతుందా. దిగగలను. ఇంతకంటే పాడు సైకిళ్ళతో, ఇంతకంటే పాడు దారుల్లో దిగాను. దిగి చూపిస్తే సరి. రేపట్నుంచి ఎవరి మొహమైనా చూడొచ్చు.

మూడో దిగుడు మొదలైంది. మొదటి మలుపు, రెండోది, చెట్ల మధ్య సందు. జారుబండకు ముందు వచ్చే చిన్న రాతిపలక మీద అలవాటుగా వదిలేసింది. ముందు చక్రం కింద ఏమీ లేనట్టు అయింది. ఒక్క క్షణమే. పక్కన గడ్డి తగిలి చక్రం మళ్ళీ పట్టుకుంది. కానీ ఆ క్షణంలో చేతులకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా ఆమె ఏ పందెంలోనూ చేతులు చెప్పిన మాట కాదనలేదు. ఇది నైపుణ్యానికి లొంగేది కాదు. ఎవరు తొక్కినా ఈ టైరు తడిబండని పట్టదు, ఆమె తొక్కినా, నర్సు తొక్కినా.

జారుబండ అంచున ఆమె రెండు బ్రేకులూ పట్టేసి, సైకిలు ఆపి దిగిపోయింది.

కింద జనం ఉన్నారు, హుషారు చేస్తూ గంటలు వాయిస్తున్నారు, ఎదురుగా టీవీ కెమెరా, దాని వెనక బారుగా కట్టిన కంపెనీ బ్యానరు. గంటలు ఆగిపోయాయి. ఆమె సైకిలు భుజాన వేసుకుని, పక్కనున్న రాళ్ళ మీదుగా, పడకుండా, నిన్న తెలివైనవాళ్ళు నడిచినట్టే నడిచి దిగింది. ఎవరో ఈల వేశారు. చెవులు వేడెక్కిపోయాయి. ఇంత సిగ్గు ఆమెకు ఎప్పుడూ కలగలేదు. కింద సైకిలెక్కి మిగిలినదంతా నెమ్మదిగా పూర్తిచేసింది.

*

వ్యానులో మడతబల్ల మీద కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మేనేజరు కోపంగా లేడు. అదే ఆమెకు ఆశ్చర్యం.

"చెయ్యి పట్టేసిందని చెప్పాను. టీవీ వాళ్ళకీ, పెద్దాఫీసుకీ. బాధతో కూడా రేసు వదలకుండా పూర్తిచేసిందని రాస్తున్నారు. అందరూ మెచ్చుకుంటున్నారమ్మా. ఏం పోలేదు," అన్నాడు. పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. "సంతకం పెట్టేయ్. ఇంటికి పోదాం. అలిసిపోయావు."

ఆమె నిజంగానే అలిసిపోయింది. బురద అలాగే ఎండి మొహం బిగుసుకుపోయింది. మరిది మూల కూర్చుని ఏమీ విననట్టు గొలుసు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. బండ మీద అంత సిగ్గుపడి చేసిన పని కూడా అమ్మకానికి పనికొచ్చేసింది. ఆమె పెన్ను తీసుకుంది.

ఫోను మోగింది. చేతుల నిండా బురద. "ఎత్తు," అంది మరిదితో. అతను చేతిగుడ్డతో ఫోను పట్టుకుని, నొక్కి, బల్ల మీద వంగి ఆమె ముందు పట్టుకున్నాడు. గొంతు వ్యాను అంతా వినపడింది.

"నేనండీ, నర్సుని. ఆపరేషను ఆలస్యమైంది, ఇంకా తీసుకెళ్ళలేదు. మీ రేసు చూశాను. మీరంతటివారు కూడా సైకిలు దిగి నడిచారే! పక్క మంచం మామ్మ, నేనూ కలిసి అరిచాం. ఇంతకీ చెయ్యి నొప్పా? నొప్పని చెబుతున్నారు టీవీలో."

మేనేజరు గట్టిగా తల ఊపాడు, అవునను అన్నట్టు.

"నొప్పి కాదు," అంది పిల్లి. "ఆ టైరు తడిబండ మీద ఆగదు."

"ఆ టైరంటే? మీరు ఎప్పుడూ దిగేది దాంతోనేగా?"

"కాదండీ. ఇవాళే మొదటిసారి. ఎప్పుడూ వేరే కంపెనీది వేసుకుంటాను. పైన పంజా అని రంగు వేస్తాం."

చెప్పేశాక గుండె తేలికవుతుందనుకుంది. తేలిక కాలేదు. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు.

"రంగు వేస్తారా," అంది నర్సు. గొంతులో నిన్నటి మెత్తదనం లేదు. "మరి బ్రేకు వదిలేయమని, టైరుని నమ్మమని నాకు చెప్పింది మీరేగా?"

"నేనే."

"నిన్న వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆపిల్ కోసి పెట్టారు. నాకు చేతకాలేదు, నాకు చేతకాలేదు అని నేను ఏడుస్తుంటే వింటూ కూర్చున్నారు. అప్పుడు చెప్పలేదేం?"

దానికి జవాబు బల్ల మీద కాగితాల రూపంలో ఉంది, అది చెప్పుకునే జవాబు కాదు.

"నేను రాత్రంతా నన్నే తిట్టుకున్నానండీ. సైకిలు అమ్మేయమని మా ఆయనకి చెప్పేశాను కూడా." నర్సు ఊపిరి గట్టిగా తీసుకోవడం వినపడింది. వెనకాల ఎవరో వచ్చి, అమ్మా ఇక బయలుదేరాలి అన్నారు. "ఆగు బాబూ, ఒక్క నిమిషం! మాట్లాడుతున్నాను కదా," అని వాళ్ళమీద కసిరి, మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "సైకిలు అమ్మను. చెయ్యి నయమయ్యాక మళ్ళీ వస్తాను. మీకోసం కాదు. ఆ బండకోసం వస్తాను. మీరు నిజంగా వేసుకునే టైరు ఏది? దాని పేరు చెప్పండి."

మేనేజరు కుర్చీలోంచి సగం లేచాడు. వద్దు, వద్దు అని రెండు చేతులూ ఊపుతున్నాడు. పరాయి కంపెనీ పేరు నోట పలకకూడదన్నది పాత ఒప్పందంలోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. పిల్లి ఆ పేరును ఇన్నేళ్ళలో ఇంట్లో కూడా పలకలేదు. ఆమె మరిది వంక చూసింది. అతని ఉద్యోగం కూడా ఈ ఒక్క మాటతోనే పోతుంది. మరిది మేనేజరును చూశాడు, ఆమెను చూశాడు, ఫోనును ఆమె నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

ఆమె పేరు చెప్పింది.

"సరిగ్గా వినపడలేదు," అంది నర్సు. "ఎడమచేత్తో రాసుకుంటున్నాను. ఇంకోసారి చెప్పండి."

పిల్లి పెన్ను కింద పెట్టి ఇంకోసారి చెప్పింది, ఈసారి గట్టిగా.